కంపెనీ కొలువు విడిచిన పిమ్మట

(గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



కంపెనీ ఉద్యోగమునకును గ్రామసభకును ఏమి సంబంధమని మీలో కొందరు తలపవచ్చును. సంబంధము కలదు. పూర్వము పట్టణమున కొలువు చేసినవారు 55 లేక 58 ఏండ్లు నిండిన పిమ్మట పింఛనుతో ఇల్లు చేరెడివారు. వారికి అరుగుమీద పడకకుర్చీయు, ఉదయమున వార్తాపత్రికయు, సాయంకాలమున పురాణ కాలక్షేపమును చాలియుండెడివి. నేడు గ్రామములకు తిరిగి వచ్చుచున్నవారు అట్టివారు కారు. వారికి 40 ఏండ్లు, 45 ఏండ్లు. తల ఇంకను నెరయలేదు. పిల్లలు ఇంకను బడిలోనే యున్నారు. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, చెన్నపట్టణములోనో పెద్ద కంపెనీలలో 15, 20 సంవత్సరములు పనిచేసి, కొందరు తామై విసిగి, కొందరు కంపెనీయే పొమ్మనగా, కొందరు వృద్ధులైన తలిదండ్రులను చూచుకొనవలసివచ్చి తిరిగి వచ్చుచున్నారు. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినపుడు ఇంటినుండియే పని చేయుటకై వచ్చిన పలువురు మరల గ్రామపు గాలికి అలవాటుపడిరి. అందు కొందరికి పట్టణమునకు పోవ బుద్ధి పుట్టలేదు.

ప్రచారకార్యమునకై గ్రామములలో తిరుగు మాకు ఇట్టివారి ఇండ్లయందు ఒక దృశ్యము తరచుగా కానవచ్చుచున్నది. కుమారుడు వచ్చి ఆరు మాసములైనను తల్లి ఇరుగుపొరుగు వారితో “సెలవుమీద వచ్చినాడు” అనియే చెప్పుచుండును. తండ్రి రచ్చబండకు వచ్చుట తగ్గించును. ఎదురైన ప్రతివాడును “ఉద్యోగము పోయినదట గదా” అని అడుగునేమోయని ఆ భయము. కంపెనీలు తమ లాభనష్టములనుబట్టి వేలమందిని ఒక్క లేఖతో పంపివేయు కాలమిది. ఆ లేఖ అందుకొన్నవాడు పనిరానివాడని అర్థము కాదు. వాన కురియక పైరెండిపోయిన రైతును మనము చేతకానివాడని యందుమా? 45 ఏండ్లవాని యెదుట ఇంకను 20 ఏండ్ల పనికాలము కలదు. ఆ 20 ఏండ్లు గ్రామమునకు ఉపయోగపడునా, లేక తలుపు మూసిన గదిలో గడచిపోవునా అనునది కొంత ఆయన చేతిలోను, కొంత మీ చేతిలోను ఉన్నది. ఈనాటి మా ప్రసంగము ఆ విషయమును గూర్చియే.

ఒక కొలువు విడిచి మరియొక వృత్తిని కట్టుకొనుట తెలుగువారికి క్రొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీరెరుగుదురు. కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామమున 1867లో జన్మించిన ఆయన కలకత్తాలో మందుల వ్యాపారమున పని నేర్చి, పిమ్మట బొంబాయిలో నొక కంపెనీలో కొలువు చేసిరి. 1893లో అమృతాంజనమును తయారు చేయ నారంభించిరి. సంగీత సభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచి ప్రజలకు పరిచయము చేసిరని చెప్పుదురు. ఆ తలనొప్పి మందు తెచ్చిన ధనముతో 1908లో బొంబాయియందు ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించిరి. 1914లో మద్రాసునుండి దానిని దినపత్రికగా వెలువరించిరి. 1924లో భారతి మాసపత్రికను ప్రారంభించిరి. పరుల కొలువులో నేర్చిన మందుల పనియు, వర్తకపు మెలకువయు ఆయన విడిచిపెట్టలేదు. కొలువునే విడిచిపెట్టిరి. నేర్చిన పని వెంటవచ్చినది.

కంపెనీ ఉద్యోగి కాకపోయినను ఈ సందర్భమున స్మరింపదగినవారు డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు. మధురలోని ప్రభుత్వ వైద్య కళాశాలలో నేత్రవైద్యులై, 1976లో 58వ యేట పదవీవిరమణ చేసిరి. కీళ్ళవాతముచే ఆయన చేతివ్రేళ్ళు యౌవనముననే వంకరపోయినవి. ఆ వ్రేళ్ళతోడనే శస్త్రచికిత్స చేయుట అభ్యసించిరి. విరమణ చేసిన ఆ సంవత్సరమే 11 పడకలతో అరవింద నేత్ర వైద్యశాలను ఆరంభించిరి. నేడు అది ప్రపంచ ప్రఖ్యాతమైన సంస్థ. ఉద్యోగమున నున్న కాలముననే ఆయన గ్రామములకు పోయి నేత్రచికిత్సా శిబిరములు నడపుచుండిరి. విరమించిన మరునాడు ఏమి చేయుదునాయని వెదుకుకొనవలసిన పని ఆయనకు లేకపోయెను.

ఇక మన గ్రామములకు వచ్చుచున్నవారి సంగతి. వారు ఇల్లు చేరిన వార్త తెలిసినంతనే మొట్టమొదట వచ్చువాడు భూమి బేరగాడు. రెండవవాడు చిట్టీలవాడు. తరువాత బంధువులు. అందరి చూపును ఆయన తెచ్చిన సొమ్ముమీదనే. ఆయనకును అంతే. చేతిలో ఏకమొత్తముగా ధనమున్నది. చేయుటకు పని లేదు. ఇది మిక్కిలి అపాయకరమైన స్థితి. కనుక మొదట లెక్క చూచుకొందము.

కంపెనీలో ఐదు సంవత్సరములు ఎడతెగక పనిచేసినవానికి గ్రాట్యుటీ రావలెను. చివరి నెల మూలవేతనమునకు కరువుభత్యమును కలిపి, 26తో భాగించి, 15తో గుణించినచో ఒక సంవత్సరపు సేవకు రావలసిన మొత్తము తెలియును. ఉదాహరణకు ఆ వేతనము 60,000 రూపాయలు, సేవ 16 సంవత్సరములు అనుకొందము. సంవత్సరమునకు 34,615 రూపాయల చొప్పున మొత్తము సుమారు 5 లక్షల 54 వేలు. ఇది కంపెనీ దయతో ఇచ్చునది కాదు, చట్టప్రకారము చెల్లింపవలసినది. భవిష్యనిధి వేరుగా వచ్చును. భవిష్యనిధితోపాటు నడచు పింఛను పథకములో 10 సంవత్సరముల సేవ నిండినవారికి 58వ యేటినుండి నెలసరి పింఛను లభించును; కావలెనన్నచో కొంత తగ్గింపుతో 50వ యేటినుండియు పొందవచ్చును. పలువురు దీనిని మరచిపోవుచున్నారు. సేవాకాలమును ధ్రువపరచు పత్రమును భవిష్యనిధి కార్యాలయమునుండి తీసికొని ఇనుపపెట్టెలో దాచుకొనవలెను.

కంపెనీ యిచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగముతోనే ముగియును. ఈ ఒక్క సంగతి తెలియక మొదటి యేడాదిలోనే ఒక శస్త్రచికిత్సకు కూడబెట్టినదంతయు ధారపోసిన కుటుంబములు కలవు. ఉద్యోగమున నుండగనే కుటుంబమునకు వేరుగా బీమా తీసికొనుట ఉత్తమము. బీమా సంస్థలు పాతరోగములకు కొంతకాలము నిరీక్షణ విధించును గనుక, ఆలసించినకొలది నష్టమే.

ఇంటి ఖర్చు నెలకు 35,000 రూపాయలైనచో సంవత్సరమునకు 4 లక్షల 20 వేలు, రెండు సంవత్సరములకు 8 లక్షల 40 వేలు. క్రొత్త వృత్తి ఏదైనను రెండేండ్లు ఇంటికి ఏమియు తీసికొనిరాదని భావించి, ఈ మొత్తమును బ్యాంకునందు ప్రత్యేకముగా ఉంచవలెను. దానిని పెట్టుబడి క్రిందకాని, చేబదులు క్రిందకాని కదలింపరాదు. బావమరిది అడిగినను సరే. అట్లు ఉంచగా మిగిలినదియే పెట్టుబడికి పనికివచ్చు ధనము. అందును సగముతో ఆరంభించి, మిగిలిన సగమును మొదటి ప్రయత్నమున జరుగు పొరపాట్లకై అట్టిపెట్టుకొనవలెను.

భూమి కొనుటతో ఆరంభించుట మాకు సమ్మతము కాదు. తిరిగి వచ్చినవారిలో అధికులు మొదట చేయునది అదియే. పట్టణమున 20 ఏండ్లు అద్దపు గోడల నడుమ కూర్చుండినవానికి పచ్చని చేను చూడగనే మనస్సు కరగును. మామిడి అంటు నాటినచో గిట్టుబాటు కాపునకు నాలుగైదేండ్లు పట్టును. ఆయిల్‌పామ్ గెలలు నాలుగవ యేట మొదలగును. పొలమునకు ధనమంతయు పోసి, నాలుగేండ్లు ఇల్లెట్లు గడచునో చూచుకొననివారు మూడవ యేట ఆ పొలమునే అమ్మకమునకు పెట్టుదురు. రెండు మూడు సంవత్సరములు కౌలుకు చేసి చూచి, నీటి వసతియు, కూలీల సంగతియు, తన నడుము సంగతియు తెలిసికొనిన పిమ్మట కొనవచ్చును.

పాడియు అట్టిదే. గేదె ఈనిన తరువాత 8 మొదలు 10 నెలలు పాలిచ్చును. పిమ్మట కొన్ని నెలలు వట్టిపోవును. పట్టణమునుండి వచ్చినవారు సంతకుపోయి ఒక్కమారే పది ఈనిన గేదెలను కొని తెత్తురు. మొదటి ఆరు నెలలు బిందెలు నిండును. తరువాత పదియు దాదాపు ఒక్కమారే వట్టిపోవును. దాణా ఖర్చు మాత్రము వట్టిపోదు. తెలిసిన రైతు ఐదింటిని ఇప్పుడును, ఐదింటిని ఐదారు నెలల పిమ్మటను కొనును. ఈ చిన్న సంగతి ఏ పుస్తకములోను వెదుకనక్కరలేదు, మన ఊరి ముసలి రైతు నడిగినచో చెప్పును. కాని అడుగవలెను గదా.

పాడిలో నిలదొక్కుకొన్నవారును ఉన్నారు. శ్రీ కిశోర్ ఇందుకూరి అను ఆయన ఖరగ్‌పూరులోని సాంకేతిక విద్యాసంస్థలో చదివి, అమెరికాయందు మసాచుసెట్స్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, ఇంటెల్ కంపెనీలో ఉద్యోగము చేసి, దానిని విడిచి స్వదేశమునకు వచ్చిరి. పాడిలో కుదురుకొనుటకు ముందు వేరు పనులును చేసిచూచిరి. 2012లో 20 ఆవులతో హైదరాబాదు సమీపమున ఆరంభించిన పాలవ్యాపారము నేడు సిద్స్ ఫార్మ్ అను పేర నడచుచున్నది. పాలను ఇంటికి చేర్చుటకు ముందు పరీక్షించుట వారి వ్యాపారమునకు మూలము. పాలు పిదుకుటలో ఆయనకన్న మన గొల్లపల్లెల స్త్రీలు ప్రవీణులు. పరీక్షించుట, వ్రాసియుంచుట, తేడా వచ్చినపుడు కారణము వెదకుట, ఇవి ప్రయోగశాలనుండి ఆయన తెచ్చిన విద్యలు.

మేము మీ దృష్టికి తీసికొనిరాదలచిన ముఖ్యవిషయ మిక్కడ వచ్చుచున్నది. తిరిగివచ్చిన కంపెనీ ఉద్యోగి సొమ్ము ఒకటి రెండేండ్లలో కరగిపోగలదు. ఆయన చేతి అలవాట్లు కరగవు. లెక్క వ్రాయుట, గడువునకు పని ముగించుట, ఒడంబడికను చివరి పంక్తివరకు చదువుట, దూరపు కొనుగోలుదారునితో మర్యాదగా ఉత్తరప్రత్యుత్తరములు జరుపుట ఆయనకు నిత్యకృత్యములు. మన గ్రామములలో నేలకు కొరత లేదు, కష్టించువారికిని కొరత లేదు. ఈ అలవాట్లున్నవారికే కొరత. ఆ కొరత ఎక్కువగా కనబడుచోటు రైతు ఉత్పత్తిదారుల కంపెనీ.

2002లో కంపెనీల చట్టమును సవరించి రైతులే సభ్యులుగా కంపెనీ పెట్టుకొనుటకు వీలు కల్పించిరి. పదిమంది ఉత్పత్తిదారులు కలిసినచో చాలును. వాటా ఎంతయున్నను వ్యక్తులైన సభ్యులకు మనిషికొక్క ఓటే. ఆ చట్టములో ఒక నిబంధన కలదు. మీలో వాటాదారులైనవారును దానిని గమనించియుండకపోవచ్చును. ప్రతి ఉత్పత్తిదారుల కంపెనీకిని పూర్తికాలము పనిచేయు ముఖ్య నిర్వహణాధికారి యుండవలెను. ఆయన సభ్యుడు కానివాడై యుండవలెను. అనగా రైతులు తమలోనుండి ఒకరిని కూర్చుండబెట్టుట కాక, పనితెలిసిన పరుని జీతమిచ్చి తెచ్చుకొనవలెనని చట్టమే చెప్పుచున్నది. మన ఊరి బిడ్డయై, పట్టణమున 20 ఏండ్లు ఇదే పని చేసి, ఇంట ఖాళీగా కూర్చున్న వ్యక్తికంటె ఆ కుర్చీకి తగినవారెవరు?

2020 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘములను ఏర్పరచు పథకమును ఆరంభించినది. 2025 ఫిబ్రవరిలో ఆ సంఖ్య పూర్తియైనది. మైదాన ప్రాంతములలో ఒక్కొక్క సంఘమున కనీసము 300 మంది రైతులుండవలెనని నియమము. నిర్వహణకై మూడేండ్లలో ఒక్కొక్క సంఘమునకు 18 లక్షల రూపాయలవరకు సహాయము నిర్ణయించిరి. అందునుండి ముఖ్య నిర్వహణాధికారికి నెలకు 25,000 రూపాయలవరకు, లెక్కలు చూచువానికి 10,000 రూపాయలవరకు జీతమీయవచ్చును. మూడేండ్లు ముగిసిన పిమ్మట ఆ జీతమును సంఘమే తన వ్యాపారమునుండి చెల్లించుకొనవలెను.

చిక్కంతయు ఆ నాలుగవ సంవత్సరముననే. నెలకు 25,000 అనగా సంవత్సరమునకు 3 లక్షలు. అమ్మకములపై ఖర్చులు పోగా నూటికి రెండు రూపాయలు మిగులునని అనుకొనినచో, ఆ ఒక్క జీతమునకే 1 కోటి 50 లక్షల వ్యాపారము జరుగవలెను. 300 మంది రైతులున్న సంఘమున ఇది మనిషికి సంవత్సరమునకు 50,000 రూపాయల సరకు. మిరప పండించువానికి ఇదేమియు పెద్ద మొత్తము కాదు. కాని ఆ సరకును సంఘము ద్వారానే అమ్మవలెనుగదా! ధర వచ్చినపుడు కమీషను దుకాణమునకును, ధర పడిపోయినపుడు సంఘమునకును తోలినచో ఏ అధికారియు సంఘమును నిలుపలేడు.

మంచి నిర్వాహకుడు ఏమి చేయగలడో మిరపనే ఉదాహరణముగా చూతము. కాయను నేలమీద ఆరబోసి, రాత్రి మంచునకు విడిచినచో తేమ నిలిచి బూజు పట్టును. ఆ బూజునుండి ఆఫ్లటాక్సిను అను విషపదార్థము పుట్టును. విదేశపు కొనుగోలుదారులు దానిని పరీక్షించి, హద్దు మీరినచో సరకునంతయు త్రిప్పిపంపుదురు. వారు పంపు నాణ్యతా నిబంధనల పత్రమున తేమ ఎంత, రంగు ఎంత, పురుగుమందుల అవశేషము ఎంతకు మించరాదు అనునవి వివరముగా నుండును. మన రైతు ఆ పత్రమును చూచి జడియును. కంపెనీలో పనిచేసి వచ్చినవానికి అట్టి పత్రములు చదువుటయే పని. ఆయన పంట కోతకు ముందే సభ్యులకు పట్టాలు పంచి, ఆరబెట్టు విధానమును తెలిపి, ఒక్కొక్క రైతు సరకునుండి నమూనా తీసి, గుంటూరులోని సుగంధద్రవ్యముల బోర్డు ప్రయోగశాలకు పంపగలడు. పరీక్షాపత్రమును చేతబట్టుకొని బేరమాడుట వేరు. యార్డులో బస్తామీద చేయివేసి నిలుచుండుట వేరు.

పద్దుల సంగతి మరింత ముఖ్యము. ఉత్పత్తిదారుల సంఘము కంపెనీగా నమోదైనది గనుక, సంవత్సరాంతమున లెక్కలు తనిఖీ చేయించి, సర్వసభ్య సమావేశము జరిపి, కంపెనీల రిజిస్ట్రారునకు పత్రములు పంపవలెను. గడువు దాటినచో ఒక్కొక్క పత్రమునకు దినమునకు 100 రూపాయల అదనపు రుసుము. రెండు పత్రములు 200 దినములు ఆలస్యమైనచో 40,000 రూపాయలు. సరకు కొనలేదు, అమ్మలేదు, ఎవడును దొంగిలింపలేదు. సంతకము చేసి పంపువాడు లేక 40,000 రూపాయలు నష్టము. మూతపడిన సంఘములను గూర్చి “రైతులలో ఐకమత్యము లేదు” అని సభలలో చెప్పుట వాడుక. ఐకమత్యమున్న చోటను పద్దు లేక మూతపడినవి కలవని మా అభిప్రాయము. 1956లో ఎ. కె. విశ్వనాథరెడ్డిగారు మొదలగు పెద్దలు స్థాపించిన ముల్కనూరు సహకార సంఘము నేటికిని నిలిచి నడచుచున్నది. దానిని చూడబోవువారు గోదాములను చూచి మెచ్చుకొని రాక, అచ్చటి లెక్కల పద్ధతిని కూడ అడిగి తెలిసికొనవలెను.

తిరిగివచ్చినవారికి ఒకటి రెండు మాటలు. గ్రామమున పని కంపెనీలోవలె జరుగదు. అచ్చట పై అధికారి ఒక్క ఉత్తరువు వ్రాసినచో నూరుమంది కదలుదురు. ఇచ్చట 300 మంది సభ్యులును మీకు యజమానులు. అందు సగము మంది మీ పినతండ్రులు, మేనమామలు. ఉదయము పది గంటలకు సమావేశమని చెప్పినచో పన్నెండింటికి వత్తురు. వచ్చినవారు మొదట వాన సంగతి మాటలాడుదురు. విసుగుకొనరాదు. కాగితముపై గీతలు గీసి ఆంగ్లపదములతో ఉపన్యసించిన నిర్వాహకుని మన రైతులు మర్యాదగా విని, మర్యాదగా లేచిపోవుదురు. మొదటి సంవత్సరము ఒక్క పంటకాలమంతయు కళ్ళములవెంట తిరిగి, తూకమునొద్ద నిలుచుండి, ఎవరికి ఎచ్చట ఎంత నష్టము వచ్చుచున్నదో వ్రాసికొనుట మేలు. ఉద్యోగమున నుండగనే దీర్ఘకాలపు సెలవుపై వచ్చి ఇట్లు ఒక పంటకాలము గడిపిచూచుట ఇంకను మేలు. అప్పుడు ఈ బ్రదుకు తమకు సరిపడునో లేదో జీతము పోకుండగనే తెలియును. పంచాయతీ ఎన్నికలలో నిలువవలెనన్న కోరికను మాత్రము కొన్ని యేండ్లు ఆపుకొనవలెనని మా మనవి. ఒక పక్షపు మనిషియను పేరు వచ్చినచో రెండవ పక్షపు రైతు సరకు మీ తూకమునకు రాదు.

గ్రామస్థులకును చెప్పవలసినది కలదు. “మనవాడేగదా, ఇంట తిని కూర్చున్నాడుగదా, సంఘపు లెక్కలు చూచిపెట్టుటకు జీతమెందుకు?” అని యడుగువారిని మేము చాలచోట్ల చూచితిమి. ఉచితముగా చేయించుకొన్న పని మొదటి ఉగాదికి ఉత్సాహముగాను, రెండవ ఉగాదికి నిదానముగాను సాగి, మూడవదానికి ఆగిపోవును. అది వాని దోషము కాదు. వానికిని బడి రుసుములు కలవు. జీతమిచ్చినపుడే ఆలస్యమునకు నిలదీసి యడుగు హక్కు మీకును ఉండును. పట్టణమున లక్షరూపాయలు తెచ్చినవాడు 25,000 రూపాయలకు వచ్చునా యని సందేహింపవలదు. ఇల్లు స్వంతము, పాలు కూర ఇంటివి. పైగా ఉదయము లేచినది మొదలు తన పనికి ఫలితము ఎవరికి చేరుచున్నదో కన్నులార చూచుచుండుట పట్టణమున దొరకని సంగతి. రాదలచినవాడు వచ్చును. రాననువానిని ప్రాధేయపడవలదు.

స్త్రీలను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. పిల్లలు పుట్టినపుడు కంపెనీ ఉద్యోగము మాని, అత్తవారి ఊరిలోనో పుట్టినింటనో నున్న చదువుకొన్న కోడండ్రు, కుమార్తెలు ప్రతి మండలములోను ఉన్నారు. వారు విడిచిన ఉద్యోగమును ఎవరును ఉద్యోగముగా లెక్కింపరు. “ఇంట ఉన్నది” అందురు. మన స్వయంసహాయక సంఘముల సమాఖ్యలలో లక్షల రూపాయల అప్పులును, వసూళ్ళును జరుగుచుండగా, పద్దు పుస్తకము తెలిసిన స్త్రీకై వెదకుకొనుచున్నారు. పచ్చళ్ళు, పొడులు, చిరుధాన్యపు పిండ్లు తయారుచేయు సంఘములకు ఆహార భద్రతా నమోదు, పొట్లముపై తేదీ, తూకము, ముద్రణ, నగరపు దుకాణదారునితో ఒడంబడిక, ఇవన్నియు అడ్డుపడుచున్నవి. ఈ పనులు అరపూటతో కాగలవు. అరపూట పనికి అరపూట జీతము నిర్ణయించి పిలిచిన సమాఖ్యకు ఇట్టివారు దొరకుదురు.

స్వంతముగా చిన్న పరిశ్రమ పెట్టదలచినవారికి సహాయపథకములు కలవు. 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పనా పథకములో 2022 సవరణననుసరించి తయారీ పరిశ్రమకు 50 లక్షలు, సేవలకు 20 లక్షలవరకు అంచనాను అనుమతించిరి. గ్రామములలో సాధారణ వర్గమువారికి నూటికి 25, స్త్రీలు, వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డు కులములు, తెగలు మున్నగువారికి నూటికి 35 వంతున రాయితీ. ఆ రాయితీ చేతికి వచ్చునని భ్రమపడవలదు. అది మూడేండ్లు బ్యాంకుననే నిలిచియుండి, పరిశ్రమ నడచుచున్నదని తేలిన పిమ్మట అప్పుకు జమయగును. కనుక రాయితీని నమ్మి పరిశ్రమ పెట్టువాడు మూడేండ్లు రాయితీ లేకయే నడపగలవాడై యుండవలెను. ఇట్టి పథకములకు కాలపరిమితులుండును. అంచనా వ్రాయుటకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రమున విచారింపవలెను.

శిక్షణకు దూరము పోనక్కరలేదు. బ్యాంకులు నడపు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణా సంస్థలలో భోజనవసతులతో ఉచితముగా నేర్పుదురు. వయోపరిమితి కలదు గనుక ముందుగా అడిగికొనవలెను. కృషివిజ్ఞాన కేంద్రములు పైరుపచ్చల సంగతి చెప్పును. హైదరాబాదులో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయ సంస్థయు, రాజేంద్రనగరమున మేనేజ్ సంస్థయు, చిరుధాన్యముల పరిశోధనా సంస్థయు ఉన్నవి. వ్యవసాయ పట్టభద్రులకు 2002లో ప్రారంభమైన అగ్రి క్లినిక్కుల పథకము శిక్షణను మేనేజ్ సంస్థయే పర్యవేక్షించును.

ఈ సభకు మాతోకూడ సహకార శాఖ తనిఖీదారుగారు వచ్చియున్నారు. మీ రైతు సంఘపు పద్దు పుస్తకములును, కంపెనీల రిజిస్ట్రారునకు పంపిన పత్రముల నకళ్ళును తెచ్చినవారు సభ ముగియగనే ఈ బల్లయొద్దకు రావచ్చును. ఏ పత్రము గడువు ఎప్పటితో తీరునో ఆయన చూచి చెప్పుదురు. పట్టణపు కొలువు విడిచి వచ్చినవారెవరైన వెనుక వరుసలో కూర్చుండియున్నచో, వారిని కూడ ముందుకు రమ్మని కోరుచున్నాము. ఆ పుస్తకములు చూచుటలో తనిఖీదారుగారికి సాయము కావలెను.